‘ప్లాన్డ్ అబ్సొలెసెన్స్’: ఒక మాట పుట్టుక, అది చేతులు మారిన తీరు

వస్తువు ఇంకా పనికొస్తుండగానే దానికి కాలం చెల్లేలా చేయడాన్ని ఇంగ్లిషులో ‘ప్లాన్డ్ అబ్సొలెసెన్స్’ అంటారు. వాడుక తప్పిపోవడాన్ని తెలిపే లాటిన్ క్రియ నుంచి ‘అబ్సొలెసెన్స్’ వచ్చింది. వస్తువులు వాటంతటవే మూలపడటం ఎప్పుడూ ఉన్నదే. ముందు ‘ప్లాన్డ్’ చేరాక ఆ పని వెనుక ఒకరి ఉద్దేశం కూడా ఉందని ఆ మాటే చెబుతోంది.

నిజానికి పేరు కంటే పని ముందు మొదలైంది. 1924లో ఓస్రామ్, ఫిలిప్స్ వంటి పెద్ద బల్బు కంపెనీలు జెనీవా కేంద్రంగా ‘ఫీబస్’ అనే కూటమి కట్టి, అంతకుముందు 1,500 నుంచి 2,000 గంటల దాకా వెలిగే బల్బుల ఆయుష్షును 1,000 గంటలకు కుదించాయి. సభ్యుల బల్బులను ప్రయోగశాలలో వెలిగించి చూసి, గీసిన గీత దాటి మన్నితే ఆ కంపెనీకి జరిమానా వేసేవారు.

మాట ప్రచారంలోకి వచ్చింది మహా ఆర్థిక మాంద్యం రోజుల్లో. న్యూయార్కు స్థిరాస్తి వ్యాపారి బెర్నార్డ్ లండన్ 1932లో, మాంద్యానికి ఇదే మందు అంటూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. చెప్పులు మొదలు ఇళ్లు, యంత్రాల దాకా ప్రతిదానికీ ప్రభుత్వమే గడువు పెట్టాలని, ప్రామిసరీ నోటుకు కాలదోషం పట్టినట్టు ఆ గడువు తీరిన వస్తువు చట్టం దృష్టిలో చెల్లనిదవ్వాలని, అయినా వాడుకునేవారిపై పన్ను వేయాలని ఆయన ప్రతిపాదన. కార్మికులకు పని దొరకాలన్నదే ఆయన ఆరాటం. ఉన్న చెప్పులు తొడుక్కున్నందుకు పేదవాడు పన్ను కట్టాల్సి వచ్చే ఆ మందు జబ్బు కంటే కఠినమైనదే అయినా, ఆయన ఉద్దేశంలో లాభాపేక్ష కనిపించదు.

ఆ మాటను వ్యాపారపు మాటగా మార్చినవాడు అమెరికన్ డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్. అవసరానికి కాస్త ముందే, కాస్త కొత్తదీ మెరుగైనదీ కొనాలన్న కోరిక కొనుగోలుదారులో నాటడమే దాని అర్థమని 1954 నుంచి ఆయన ప్రచారం చేశాడు. వస్తువు చెడిపోనక్కర్లేదు, పాతబడినట్టు అనిపిస్తే చాలు. నా దృష్టిలో ఫీబస్ ఎత్తుగడ కంటే లోతుగా పాకినది ఇదే. ఆడుతున్న ఫోనును పక్కన పెట్టించేది ఎక్కువగా ఈ కోరికే.

వస్తువు ఆయుష్షును కావాలని కుదించడాన్ని 2015లో ఫ్రాన్సు రెండేళ్ల జైలు, 3,00,000 యూరోల జరిమానా పడే నేరంగా ప్రకటించింది. అయితే ఉద్దేశాన్ని కోర్టులో రుజువు చేయడం కష్టం. పాత ఐఫోన్లు నెమ్మదించిన వ్యవహారంలో 2020లో యాపిల్ కట్టిన 2.5 కోట్ల యూరోలు కూడా వినియోగదారులకు ఆ సంగతి ముందుగా చెప్పనందుకే. అందుకే అడుగు మరమ్మతు హక్కు వైపు, అంటే కొన్న వస్తువును నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు వైపు పడింది: ఎంత తేలిగ్గా బాగుచేయొచ్చో తెలిపే మరమ్మతు మార్కులు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వంటి వాటికి వేసి చూపాలన్న నిబంధనను 2021లో ఫ్రాన్సు తెచ్చింది. మన దేశంలో 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ ఫోన్లు, వాహనాలతో పాటు వ్యవసాయ పరికరాలనూ ఈ హక్కు పరిధిలో పరిశీలనకు తీసుకుంది.