లాగితే పెరిగే గాలి

గాలిపటం ఎగరేసిన చేతులకు ఒక అలవాటు ఉంటుంది. పటం కిందికి జారుతోందనిపించగానే దారాన్ని గట్టిగా లాగుతాం, అది తలెత్తి పైకి లేస్తుంది. పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్లపై దూసుకుపోయే ఆట, కైట్ బోర్డింగ్. దాన్ని నేర్చుకోవడానికి సముద్రంలోకి దిగినవాళ్లను మొదటిరోజు ముంచేది ఈ అలవాటే.

ఇక్కడి పటం గదంత ఉంటుంది. ముందు అంచు పొడవునా గాలి నింపిన గొట్టం ఉండడం వల్ల నీళ్లలో పడినా తేలుతుంది, మళ్లీ లేస్తుంది. ఈ ఉపాయానికి ఫ్రాన్సుకు చెందిన లెగెన్యూ సోదరులు 1984లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. పటం నుంచి ఇరవై మీటర్లకు పైబడిన నాలుగు తాళ్లు మన దాకా వస్తాయి. ముందరి రెండూ నడుము పట్టీ కొక్కేనికి, వెనకవి రెండూ చేతుల్లో అడ్డంగా పట్టుకునే కడ్డీకి, అంటే బార్‌కు. బరువంతా మోసేది నడుమే. చేతులు చేసేది పటం వాలును మార్చడం మాత్రమే.

బార్‌ను దగ్గరకు లాక్కుంటే వెనక తాళ్లు బిగుస్తాయి, పటం గాలికి మరింత ఎదురు నిలుస్తుంది, లాగుడు పెరుగుతుంది. దూరంగా జరిపితే గాలి జారిపోయి పటం మెత్తబడుతుంది. భయంతో బార్‌ను గుండెలకు హత్తుకున్న మనిషి బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కుతున్నాడన్నమాట! అందుకే తొలి పాఠాల్లో పలక ఇవ్వరు. పటంతో ఒట్టి ఒంటినే నీళ్లలో ఈడ్పించుకోమంటారు. అక్కడ నేర్పే అసలు విద్య, వేళ్లు విప్పడం.

గాలికి వీపు పెట్టి నిలబడితే పటం తిరగగలిగే చోటు మన ముందు పావు గోళంలా ఉంటుంది. దాన్ని గడియారంగా ఊహించుకోమంటారు: నెత్తిమీద 12, పక్కలకు 9, 3. అంచుల్లో పటం సాధువు. నడిమధ్యకు వచ్చిందా, పూనకమే. కారణం, అక్కడ అది వేగంగా దూసుకుపోతూ తన గాలిని తానే పుట్టించుకుంటుంది. గాలి లేని రోజున సైకిల్ తొక్కినా ముఖానికి గాలి కొట్టినట్టే. పైగా గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది. 12 నాట్లు, అంటే గంటకు 22 కిలోమీటర్ల గాలి రెట్టింపయితే లాగుడు నాలుగింతలవుతుంది.

పలక మీద లేచే క్షణం ఈ లెక్క ఒంటికి తెలుస్తుంది. మోకాళ్లు మడిచి నీళ్లలో కూర్చున్నాం, పాదాలు పట్టీల్లో ఉన్నాయి, పటం 12 దగ్గర ఊగుతోంది. దాన్ని 2 వైపు దూకించాలి. బెదురుగా దూకిస్తే సగం లేచి మళ్లీ కూలబడతాం. మోటుగా దూకిస్తే పలకను వెనకే వదిలేసి ముఖాన నీళ్లు కొట్టుకుంటాం. సరిగ్గా కుదిరితే మాత్రం ఎవరో నడుము పట్టి నిలబెట్టినట్టు లేస్తాం. ఆపైన పలక అంచును నీటిలోకి నొక్కి ఉంచాలి. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కన కాబట్టి ఆ సన్నని అంచే మనను గాలివాటున కొట్టుకుపోనీయదు. అది పట్టుబడేదాకా, తేలినంత దూరమూ పలక చంకన పెట్టుకుని ఒడ్డు వెంట వెనక్కి నడవాల్సిందే. ఎక్కువ సమయం పోయేది ఈ నడకకే.

మారిషస్‌లోని ల మోర్న్, డొమినికన్ రిపబ్లిక్‌లోని కబరేటే వంటి ఉష్ణమండల దీవుల తీరాలకు నేర్చుకునేవాళ్లు వెళ్లేది అందం కోసమే కాదు. బడిలో బట్టీపట్టిన వ్యాపార పవనాలు అక్కడ తెరలు తెరలుగా కాక నిలకడగా వీస్తాయి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి లేచిన గాలి 30 డిగ్రీల అక్షాంశాల వద్ద దిగి, భూభ్రమణం వల్ల వంగుతూ వెనక్కి వచ్చే దారి అది. పగడపు దిబ్బ అలలను బయటే విరిచేస్తే, లోపలి మడుగులో చాలాచోట్ల నడుము లోతే ఉంటుంది. పడితే లేచి నిలబడవచ్చు.

అదే దీవిలో కొండ చాటు ఒడ్డుకు వెళ్తే కథ మారుతుంది. కొండను దాటిన గాలి సుళ్లు తిరిగి, ఒక నిమిషం చచ్చి మరో నిమిషం విరుచుకుపడుతుంది. అక్కడ వీచేది చాలాసార్లు ఒడ్డు నుంచి సముద్రం వైపు. నీళ్లు అద్దంలా నున్నగా కనిపించి రమ్మంటాయి, కానీ పటం చెడిందంటే గాలి మనను ఒడ్డుకు చేర్చదు.