ఎస్కేప్ నొక్కితే ఏది మూయాలి? గేమ్ విండోల గురించి అపోహలు - వాస్తవాలు

ఓ ప్లేటెస్ట్‌లో జరిగిన సంగతి. చాట్ బాక్స్ అప్పుడే కొత్తగా పెట్టాం. టెస్టింగ్‌కి వచ్చిన కుర్రాడు చాట్ తెరిచి, పక్క సిస్టమ్‌లో ఆడుతున్న ఫ్రెండ్‌కి ‘ఏం మామ’ అని కొట్టాడు, మనమందరం కొట్టినట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో. ‘ఈ’ కీకి ఏమీ జరగలేదు, దగ్గర్లో తెరవడానికి తలుపు లేదు గనక. ‘ఎమ్’ పడగానే మ్యాప్ తెరుచుకుంది. స్పేస్‌కి హీరో గాల్లోకి ఎగిరాడు. రెండో ‘ఎమ్’కి మ్యాప్ మూసుకుంది, ‘ఏ’కి హీరో ఎడమకి ఓ అడుగేశాడు, మూడో ‘ఎమ్’కి మ్యాప్ మళ్లీ ప్రత్యక్షం. చాట్‌లో మాత్రం ‘ఏం మామ’ ఒక్క అక్షరం తప్పు పోకుండా పడింది. కుర్రాడు పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఆ కోడ్ నాదే.

గేమ్‌లకి ఇంటర్‌ఫేస్ కోడ్ రాయడం నా పని. బ్యాగ్, మ్యాప్, క్వెస్టులు, షాప్, చాట్, సెట్టింగ్స్. వీటిని తెరమీద గీయడం ఈ పనిలో తేలికైన భాగం. నాలుగు విండోలు ఒకేసారి తెరిచి ఉన్నప్పుడు నొక్కిన కీ ఎవరిది, మిగతావాళ్లు దాని జోలికి రాకుండా ఉంటారా లేదా, అసలు గొడవంతా అక్కడే. కొత్తగా టీమ్‌లో చేరినవాళ్లు, ఒక్కోసారి డిజైనర్లు కూడా, నాతో వాదించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పైన కనిపించే విండోకే కీలు వెళ్తాయి.

వాస్తవం: గీసే వరస వేరు, వినే వరస వేరు. టూల్‌టిప్‌నే తీసుకోండి, మౌస్ పెడితే పక్కన తేలే చిన్న వివరణ డబ్బా అది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇంటర్‌ఫేస్‌ని పొరలు పొరలుగా విడగొట్టారు, అందులో అన్నిటికంటే పై పొర టూల్‌టిప్‌దే. అంత పైనున్నా అది ఒక్క క్లిక్కు కూడా తీసుకోకూడదు, దాని పని చూపించడం వరకే. చాట్ బాక్స్‌ది సరిగ్గా తిరగేసిన కథ. ఎక్కడో కింద మూలన పడి ఉంటుంది, కానీ టైప్ చేస్తున్నంతసేపూ కీబోర్డంతా దానిదే.

అందుకే ఇప్పుడు మేం గీసే వరసతో సంబంధం లేకుండా, వినే వరసలో విండోల దొంతర ఒకటి విడిగా పేర్చి, ప్రతి కీని అందులో పైనుంచి కిందికి పంపిస్తాం. ఒక్కో విండో ‘తిన్నాను’ అనో ‘వదిలేశాను’ అనో జవాబు చెప్పాలి. ఎవరైనా తిన్నారంటే అక్కడితో ఆగుతుంది, అందరూ వదిలేస్తేనే అది హీరో దాకా వెళ్తుంది.

ఇంత చేసినా ఇంకో గొయ్యి ఉంది. ‘ఈ కత్తి అమ్మేయాలా?’ అని అడిగే డబ్బాలో ఎంటర్ కొడితే డబ్బా మూసుకునేది, వెంటనే చాట్ తెరుచుకునేది. కీ కిందికి వెళ్లినప్పుడు డబ్బా తీసుకుంది, వేలు తీసినప్పుడు డబ్బా లేదు గనక చాట్ అందుకుంది. నొక్కింది ఒక్కసారే, పని జరిగింది రెండు చోట్ల. నొక్కడం ఎవరు తీసుకుంటే వదలడం కూడా వాళ్లకే వెళ్లాలని, దొంతరలో మార్పులన్నీ ఆ ఫ్రేమ్ (గేమ్ తెరమీద గీసే ఒక్కో బొమ్మ) అయ్యాకే జరగాలని రూల్ పెట్టుకున్నాకే ఆ పీడ వదిలింది.

ఇక ఎస్కేప్. దొంతరలో పైది మూసేస్తే సరిపోతుంది కదా అంటారు. ప్రశ్న అడుగుతున్న డబ్బా మీద ఎస్కేప్ కొడితే దానర్థం ‘వద్దు’ అనే. అక్కడ ఊరికే మూయడం కాదు, వద్దన్నప్పుడు జరగాల్సిందంతా జరగాలి. ఎప్పుడూ తెరమీదుండే క్వెస్టు జాబితా లాంటివి అసలు దొంతరలోనే ఉండకూడదు. వార్‌క్రాఫ్ట్ అయితే ఒక్కొక్కటీ మూయదు, తెరిచిన ప్యానెళ్లన్నీ ఒకేసారి మూసేస్తుంది. మూయడానికేమీ లేకపోతే పట్టుకున్న టార్గెట్‌ని వదిలేస్తుంది. అదీ లేకపోతేనే గేమ్ మెనూ. నాకు ఆ పద్ధతే ఇష్టం. చావుబతుకుల మధ్య ఉన్నవాడు ఎస్కేప్‌ని లెక్కపెట్టుకుంటూ నొక్కడు.

అపోహ: కనిపించకుండా చేస్తే మూసినట్టే.

వాస్తవం: కాదు. ఈ ఒక్క విషయం మీద నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఫోన్ గేమ్ అది, కుడివైపు అటాక్ బటన్ ఒక్కోసారి పనిచేసేది, ఒక్కోసారి చేసేది కాదు. బటన్ కోడ్ తిరగేసి మరగేసి చూశాను. చివరికి తేలిందేమిటంటే, షాప్ ప్యానెల్ మూసేటప్పుడు దాన్ని మెల్లగా మాయం చేస్తూ ఆల్ఫా, అంటే అది ఎంత చిక్కగా కనపడాలో చెప్పే అంకె, సున్నాకి తెచ్చి అక్కడే వదిలేశాం. మేం వాడే గేమ్ ఇంజిన్ యూనిటీలో కాన్వాస్ అంటే ఇంటర్‌ఫేస్ ముక్కల్ని గీసే పలక, దాని మీది ముక్కల గుంపు కాన్వాస్ గ్రూప్. దాని ఆల్ఫా సున్నా అయినా టచ్‌లను అడ్డుకుంటూనే ఉంటుంది, బ్లాక్స్ రేకాస్ట్స్ అనే టిక్ విడిగా తీసేయాలి. షాప్‌కి ఒకసారి వెళ్లొచ్చినవాళ్లకే బటన్ చచ్చిపోయేది. టెస్టర్లలో సగంమంది షాప్ మొహమే చూడలేదు, అందుకే ‘నాకు బాగానే ఉంది అన్నా’ అన్నారు.

స్పీడ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యూనిటీ కాన్వాస్‌లో ఒక్క ముక్క మారినా ఆ కాన్వాస్ మొత్తాన్ని మళ్లీ కూర్చుకుంటుంది. సెకనుకోసారి మారే టైమర్‌ని రెండొందల వస్తువులున్న బ్యాగ్‌తో ఒకే కాన్వాస్‌లో పెట్టారంటే, ఆ చిన్న అంకె కోసం బ్యాగంతా కదులుతుంది. కదిలేవి ఒక కాన్వాస్‌లో, కదలనివి ఇంకో కాన్వాస్‌లో పెట్టండి.

అపోహ: విండోలు ఎంత తక్కువుంటే ఇంటర్‌ఫేస్ అంత మంచిది.

వాస్తవం: ఐదంగుళాల ఫోన్ మీద నిజమే. 2003లో వచ్చిన ఈవ్ ఆన్‌లైన్ ఆడేవాళ్లతో ఆ మాట అనిచూడండి. వాళ్లకి మార్కెట్ ధరలు, శత్రువుల జాబితా, చాట్ ఛానెళ్లు అన్నీ కళ్లెదుట ఉండాలి. అందుకే ఆ గేమ్ విండోల్ని తగ్గించలేదు, ఒకదాని మీద ఒకటి పడేస్తే ట్యాబులుగా సర్దుకునేలా చేసింది. క్రూసేడర్ కింగ్స్ 3లో టూల్‌టిప్ లోపలి మాట మీద మౌస్ పెడితే ఇంకో టూల్‌టిప్, అందులోంచి మరోటి వస్తాయి. లెక్కకి అవన్నీ డబ్బాలే, ఆడేవాడికి మాత్రం చేతిలో నిఘంటువు ఉన్నట్టుంటుంది.

అపోహ: ప్యానెల్ తెరిస్తే గేమ్ ఆగుతుంది కదా, తెరంతా కప్పేసినా ఫర్వాలేదు.

వాస్తవం: ఆన్‌లైన్ గేమ్‌లో ఏదీ ఆగదు. 2008 నాటి డెడ్ స్పేస్ ఒంటరిగా ఆడేదే, అందులోనూ బ్యాగ్ తెరిస్తే ఆట నడుస్తూనే ఉంటుంది. తెర మధ్యభాగం ఖాళీగా వదలండి.

అపోహ: విండోని లాగి జరుపుకునే వీలిస్తే చాలు, మిగతాది ఆడేవాడే చూసుకుంటాడు.

వాస్తవం: ఇల్లు సర్దుకున్నాక తిరిగొచ్చేసరికి సామాను అలాగే ఉండాలి. 1920 పిక్సెళ్ల తెరమీద కుడి చివర, 1700 దగ్గర, బ్యాగ్ పెట్టుకున్నాడనుకోండి. అదే సేవ్‌ని చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లో తెరిస్తే తెర 1280×800 మాత్రమే. బ్యాగ్ తెరిచే ఉంటుంది, కనపడదు. పాపం వాడు కీ మళ్లీ మళ్లీ నొక్కుతాడు, అది మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది, తెర అవతల. ఎడమ నుంచి ఎన్ని పిక్సెళ్లు అని కాకుండా, దగ్గర్లో ఉన్న అంచు ఏది, దానికి ఎంత దూరం అని దాచుకోవాలి. టైటిల్ బార్ ఎప్పుడూ తెరలోపలే ఉండేలా చూడాలి. ‘మొదట్లో ఉన్నట్టు పెట్టు’ అనే బటన్ ఒకటి తప్పనిసరి, అదీ జరపడానికి వీల్లేని చోట.

అపోహ: తెలుగు పెట్టాలంటే మాటలు మారిస్తే అయిపోతుంది.

వాస్తవం: ముందు ఇంజిన్‌ని అడగండి. యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్ మెష్ ప్రో తనంతట తాను తెలుగు ఒత్తుల్ని కలపదు. అక్షరాల్ని విడివిడిగా వరసలో నిలబెడుతుంది, పొల్లులు వేలాడుతుంటాయి. 2023లో వచ్చిన ఇంకో ఇంజిన్ గోడో 4, అక్షరాల్ని కలిపి కూర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడుకుంటుంది గనక ఒత్తులు వాటి చోట అవి కూర్చుంటాయి. అది గట్టెక్కాక వరస ఎత్తు దగ్గర ఆగుతాం. ఇంగ్లిష్ కోసం కొలిచిన ట్యాబ్‌లో ‘అస్త్రాలు’ అని పెట్టాం. తకారం, రేఫ ఒత్తులు రెండూ అంచు కింద తెగిపోయి ‘అసాలు’ అని కనిపించింది. అక్షరం సైజు తగ్గిద్దామన్నారు. ఫోన్ మీద ఇక చదవలేం. ట్యాబ్ ఎత్తు పెంచాం. దాంతో కింద బ్యాగ్‌లో ఒక వరస గళ్లు తగ్గాయి, దాని మీద డిజైనర్‌తో ఇంకా పంచాయితీ నడుస్తోంది.