సిమిలారిటీ పది శాతం లోపు వస్తే చాలా? పీహెచ్‌డీ స్కాలర్లలో ఉన్న అపోహలు - వాస్తవాలు

థీసిస్ సబ్మిషన్ల సీజన్ వచ్చిందంటే మా యూనివర్సిటీ లైబ్రరీలో సిమిలారిటీ చెకింగ్ (థీసిస్‌లో ఎంత భాగం వేరే రాతలతో కలుస్తుందో సాఫ్ట్‌వేర్‌తో చూసి శాతంలో చెప్పడం) దగ్గర క్యూ మొదలైపోతుంది, అందరిదీ ఒకటే ప్రశ్న, "సార్, ఎంతొచ్చింది?" ఎక్కడెక్కడ కలిసిందో చూపించమని అడిగేవాళ్ళు మాత్రం చాలా అరుదు.

అపోహ: 10 శాతం దాటకపోతే ప్లేజియరిజం (వేరేవాళ్ళ రాతని తమదిగా చూపించడం) లేనట్టే

ప్లేజియరిజం మీద యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 రెగ్యులేషన్స్ లెక్క అందరికీ కంఠతా వచ్చు. 10 శాతం దాకా పెనాల్టీ లేదు, 10 దాటి 40 దాకా అయితే సరిచేసి మళ్ళీ ఇవ్వాలి, దానికి గడువు 6 నెలలకి మించదు, 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు సబ్మిట్ చేయనివ్వరు, 60 దాటిందా, రిజిస్ట్రేషనే క్యాన్సిల్. అంతవరకూ బానే ఉంది. కానీ సాఫ్ట్‌వేర్‌కి తెలిసింది పోలిక ఒక్కటే, ఎవరు ఎత్తేశారు, ఎవరు పేరు చెప్పి వాడుకున్నారు అన్నది దానికి పట్టదు. 200 పేజీల థీసిస్‌లో 8 శాతం అంటే దగ్గర దగ్గర 16 పేజీలు, ఆ పదహారూ ఒకే సీనియర్ థీసిస్ నుంచి తెచ్చి డిస్కషన్ చాప్టర్లో పెట్టారనుకోండి, రిపోర్ట్ పాస్, థీసిస్ మాత్రం కాపీ. ఇంకొకళ్ళకి 17 వస్తుంది, మొహం వాడిపోతుంది, తెరిచి చూస్తే బిబ్లియోగ్రఫీ, చట్టాల సెక్షన్లు, కోట్స్‌లో సోర్స్ చెప్పి మరీ పెట్టిన పేరాలు. వీటిని లెక్కలోంచి తీసేయమని ఆ రెగ్యులేషన్సే చెప్తున్నాయి, మామూలు మాటలు యాదృచ్ఛికంగా వరసగా 14 పదాల దాకా కలిసినా వదిలేయమన్నాయి. అందుకే నంబర్ చూసి ఊరుకోకండి, రిపోర్ట్ తెరిచి ఒక్కో సోర్స్ నొక్కి చూడండి.

అపోహ: పదాలు మార్చేస్తే ఎవరికీ దొరకం

పారాఫ్రేజింగ్ టూల్‌లో వేసి తిప్పడం ఇప్పుడు పెద్ద ఫ్యాషన్. ఆ టూల్స్ పుణ్యమా అని కొన్ని పేపర్లలో బ్రెస్ట్ క్యాన్సర్ కాస్తా "బోసమ్ పెరిల్" అయిపోయింది, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయిపోయింది. 2021లో ఫ్రాన్స్‌కి చెందిన గియోమ్ కబనాక్, ఆయన సహచరులు ఇలాంటివి పోగేసి టార్చర్డ్ ఫ్రేజెస్ అని పేరు పెట్టారు, ఇప్పుడు వాటిని పట్టుకునే దొంగ పేపర్లని వెతుకుతున్నారు. అయినా మీ సొంత మాటల్లో చక్కగా రాసినా సరే, ఆలోచన వేరేవాళ్ళదైతే వాళ్ళ పేరు చెప్పాల్సిందే.

అపోహ: తెలుగు థీసిస్ కదా, సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుస్తుంది

ఇందులో సగం నిజముంది. ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లనే వాడే అను ఫాంట్లలో డీటీపీ చేయించిన ఫైలు సాఫ్ట్‌వేర్‌కి ఇంగ్లీషు అక్షరాల గజిబిజిలా కనపడుతుంది, ఇక దేంతో పోలుస్తుంది. కానీ ఒక కవి మీదో ఒక ప్రక్రియ మీదో పనిచేసినవాళ్ళు ఎంతమందుంటారు చెప్పండి, మీ థీసిస్ పరీక్షకి వెళ్ళేది వాళ్ళలో ఒకరి దగ్గరికే, తన వాక్యం తనకి గుర్తుండదా? పైగా డిగ్రీ వచ్చాక శోధ్‌గంగలో (మన దేశపు థీసిస్‌లు ఉంచే ఆన్‌లైన్ భాండాగారం) పెడతారు, ఎవరైనా ఎప్పుడైనా చదువుకోవచ్చు. డిగ్రీ ఇచ్చేశాక బయటపడినా ఆ డిగ్రీని పక్కన పెట్టే వీలు రెగ్యులేషన్స్‌లో ఉంది. ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులోకి దించి పేరు చెప్పకపోవడం కూడా కాపీనే, దీనికి మాత్రం చాలామంది ఒప్పుకోరు.

అపోహ: ముందు బయట ఎక్కడైనా చెక్ చేయించుకుంటే మంచిది

బయటివాళ్ళు రిపోజిటరీలో (సాఫ్ట్‌వేర్ పోల్చి చూడటానికి దాచుకునే ఫైళ్ళ నిల్వ) సేవ్ అయ్యే అకౌంట్‌లో ఎక్కించేస్తే, తర్వాత అదే సాఫ్ట్‌వేర్‌లో చెక్ చేసినప్పుడు మీ థీసిస్ మీ థీసిస్‌తోనే తొంభై శాతం కలుస్తుంది. గైడ్ ద్వారా లైబ్రరీకే రండి.

అపోహ: చాట్‌జీపీటీ రాసింది కొత్తది కాబట్టి కాపీ కాదు

సిమిలారిటీ తక్కువే రావచ్చు, కానీ అది మీ రాత కాదు కదా. అంతకన్నా ప్రమాదం ఏంటంటే లేని పేపర్లకి కూడా రచయిత పేరు, జర్నల్, సంవత్సరం పెట్టి అచ్చం నిజంలాంటి రిఫరెన్స్ ఇస్తుంది, ప్రతి డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు లింకు) నొక్కి చూసుకోండి, తెరుచుకోకపోతే అనుమానించండి. అలాగని ఏఐ డిటెక్టర్ చెప్పిందే వేదం అని గైడ్లు కూడా అనుకోకూడదు, 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు పరీక్షిస్తే ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు సొంతంగా రాసిన టోఫెల్ (ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష) వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవే అన్నాయి ఆ డిటెక్టర్లు. మన పిల్లలకి ఇది నేరుగా తగిలే విషయం. డ్రాఫ్టులన్నీ తేదీలతో దాచుకుంటే అదే మీ సాక్ష్యం.

అపోహ: సిమిలారిటీ సర్టిఫికెట్ వచ్చిందంటే థీసిస్ క్లీన్

నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే. కామర్స్, మేనేజ్‌మెంట్, ఎడ్యుకేషన్ వాళ్ళలో కొంతమంది 400 క్వశ్చనేర్లు హాస్టల్ రూమ్‌లో కూర్చుని నలుగురు ఫ్రెండ్స్‌తో నింపించేస్తారు, ఆ డేటాకి ఏ సాఫ్ట్‌వేరూ ఒక్క శాతం కూడా చూపించదు, ఎందుకంటే అది కాపీ కాదు, కల్పన. కాపీ కన్నా ఇదే పెద్ద తప్పని నా అభిప్రాయం, దాని మీద రేపు ఇంకొకళ్ళు పరిశోధన కడతారు. తెలిసిన ఎగ్జామినర్ దీన్ని టేబుల్స్‌లోనే పసిగడతాడు, ఒక్క మిస్సింగ్ వాల్యూ కూడా ఉండదు, క్రాన్‌బాక్ ఆల్ఫా (ఒక స్కేల్‌లోని ప్రశ్నల జవాబులు ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే లెక్క, గరిష్ఠం 1) అన్ని స్కేళ్ళకీ 0.97 పైనే, హైపోథిసిస్‌లన్నీ అనుకున్నట్టే నెగ్గుతాయి, "ఏ ఊళ్ళో, ఎవర్ని, ఎలా కలిశారు" అని వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష) అడిగితే నీళ్ళు నములుతారు. నిజంగా ఊళ్ళు తిరిగి డేటా తెచ్చుకున్నవాళ్ళు వచ్చిన 260తోనే రాయండి, 400 ఎందుకు రాలేదో కూడా రాయండి. నింపిన ఫారాల కట్టలు, మొదటి ఎక్సెల్ ఫైలు వైవా అయిపోగానే పాతపేపర్లకి వేసేయకండి, పేపర్ పబ్లిష్ చేసేటప్పుడు రివ్యూయర్ రా డేటా అడిగితే చూపించాల్సింది అవే.