గుర్రాలు మునిగిన నేల మీద గుర్రపు రౌతు

జర్మనీకి ఉత్తరపు కొసన, ఎల్బే, ఐడర్ నదుల మధ్య, సముద్రాన్ని ఆనుకుని డిత్‌మార్షెన్ అనే జిల్లా ఉంది. క్యాబేజీ సాగుకు పేరుపడ్డ ప్రాంతం. జిల్లా అధికార చిహ్నంలో ఎర్రటి డాలు, దాని మీద పరుగెత్తే తెల్ల గుర్రం, గుర్రం మీద కవచం తొడిగి కత్తి ఎత్తిన వీరుడు. చూడగానే ఇక్కడ పూర్వం ఏదో యోధుల వంశం ఏలి ఉంటుందనిపిస్తుంది. కానీ మూడు వందల ఏళ్లకు పైగా ఈ నేలను ఏలింది రైతులు. కవచాలు తొడిగి గుర్రాలెక్కి వచ్చినవాళ్లు వాళ్లకు శత్రువులు.

ఈ నేలలో చాలా భాగం సముద్రం నుంచి లాక్కున్నది. గట్టు తెగితే అందరూ మునుగుతారు కాబట్టి ఊరంతా కలిసి గట్టు వేయాలి, ఊరంతా కలిసి కాపాడుకోవాలి. ఆ కట్టుబాటులోంచే వంశాల పొత్తులు, ఊళ్ల పెత్తనం పుట్టాయని నా నమ్మకం. 1227లో బోర్న్‌హోవెడ్ యుద్ధంలో డెన్మార్క్ రాజు ఓడిపోయాక డిత్‌మార్షెన్ పేరుకు బ్రెమెన్ నగరపు చర్చి పెద్ద (ఆర్చ్‌బిషప్) కిందకు వెళ్లింది. పెత్తనం మాత్రం రైతులదే. 1447లో తమ చట్టాన్ని రాసుకున్నారు, నలభై ఎనిమిది మంది పెద్దల సభ ఏర్పడింది. అప్పట్లో వాళ్ల ముద్ర మీద రౌతు లేడు. బాలయేసును ఎత్తుకున్న మేరీమాత ఉండేది.

చుట్టుపక్కల ప్రభువులకు ఇది కంటగింపుగా ఉండేది. 1404లో దండెత్తి వచ్చిన ష్లెస్విగ్ డ్యూక్ ఆరో గెర్హార్డ్ ఇక్కడే చనిపోయాడు. 1474లో జర్మన్ ప్రాంతాల చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ ఈ ప్రాంతాన్ని డెన్మార్క్ రాజు మొదటి క్రిస్టియన్‌కు రాసిచ్చేశాడు. రైతులు ఒప్పుకోలేదు. చివరికి క్రిస్టియన్ తర్వాత రాజైన అతని కొడుకు హాన్స్, తమ్ముడు ఫ్రెడరిక్‌ను వెంటబెట్టుకుని సుమారు 12,000 మందితో బయల్దేరాడు. అందులో దాదాపు 4,000 మంది జీతానికి పోరాడే ఆరితేరిన సైనికులు. వాళ్ల దళాన్ని జనం 'గార్డ్' అని పిలిచేవారు.

1500 ఫిబ్రవరి 17. మంచు కరిగి, వాన కలిసి నేలంతా చిత్తడి. మెల్డోర్ఫ్ నుంచి హెమ్మింగ్‌స్టెడ్ వైపు వెళ్లే దారి సన్నది, రెండు పక్కలా కాలువలు. ముందు గార్డ్ నడుస్తోంది, వెనక గుర్రపు దళం, ఆ వెనక సామాను బళ్లు. దారికి అడ్డంగా రాత్రికి రాత్రి వేసిన మట్టికట్ట వెనక వుల్ఫ్ ఇసెబ్రాండ్ నాయకత్వంలో రైతులు కాచుకుని ఉన్నారు. తూములు ఎత్తేసి నీళ్లు వదిలారు. పొలాలు చెరువులయ్యాయి. ముందుకు పోలేక, వెనక్కి తిరగడానికి చోటు లేక, బరువైన కవచాలతో మనుషులూ గుర్రాలూ బురదలో కూరుకుపోయారు. రైతులు మాత్రం పొడవాటి కర్రలు ఆనించి కాలువలు దూకేవాళ్లు. అది వాళ్లకు రోజూ పొలాల్లో చేసే పనే. గార్డ్ నాయకుడు తోమాస్ స్లెంట్స్ చనిపోయాడు. రాజు ప్రాణాలతో బయటపడ్డాడు కానీ డెన్మార్క్ జెండా రైతుల చేతికి చిక్కింది. టెల్సె అనే అమ్మాయి మేరీమాత పతాకం పట్టుకుని ముందు నడిచిందని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు.

తర్వాతి మార్పు లోపల్నుంచే వచ్చింది. 1524 డిసెంబరులో హైన్‌రిఖ్ ఫాన్ జ్యూట్‌ఫెన్ అనే సంస్కరణవాద (ప్రొటెస్టంట్) బోధకుణ్ణి హైడె ఊళ్లో కాల్చి చంపారు. కానీ పదేళ్లు తిరగకముందే ఆయన బోధించిన మతమే అక్కడ నిలబడింది. దాంతో మేరీమాత ఆరాధన వెనకబడింది.

1559లో డెన్మార్క్ రాజు రెండో ఫ్రెడరిక్, ఇద్దరు డ్యూకులు కలిసి మళ్లీ వచ్చారు. ఈసారి వేసవి. సేనాని యోహాన్ రాంట్సావు అనుభవం పండినవాడు. కొద్ది వారాల్లోనే రైతుల రాజ్యం ముగిసింది. ముగ్గురూ నేలను పంచుకున్నారు. 1581లో అది ఉత్తర, దక్షిణ భాగాలుగా రెండు ముక్కలైంది.

ఈ రౌతు వచ్చింది ఆ ఓటమి తర్వాతే. డెన్మార్క్ రాజులు తమ డాలు మీద ఒక్కో ప్రాంతానికి ఒక్కో గుర్తు పెట్టుకునేవారు. హోల్‌స్టైన్‌కు ముళ్ల ఆకు, స్టోర్మార్న్‌కు మెడలో కిరీటం ఉన్న హంస, గెలిచిన డిత్‌మార్షెన్‌కు ఈ రౌతు. ఆ గుర్తు డెన్మార్క్ రాజచిహ్నంలో 1972 దాకా ఉంది. ఆ ఏడాది గద్దెనెక్కిన రెండో మార్గరెటె రాణి దాన్ని తీసేశారు.

కానీ డిత్‌మార్షెన్‌లో మాత్రం రౌతు అలాగే ఉన్నాడు. అతన్ని క్రైస్తవ వీరుడు సెయింట్ జార్జ్ అని కొందరన్నారు, గుర్రమెక్కిన రైతు అని ఇంకొందరన్నారు. ఈ రెండూ తర్వాత అల్లుకున్న అర్థాలే అంటాను. అయినా వాటిని తేలిగ్గా కొట్టిపారేయలేను. గెలిచినవాడు వేసిన ముద్రను చెరపడం చేతకానప్పుడు, అందులో తమవాణ్ణి చూసుకోవడం ఓడినవాళ్లకు మిగిలిన దారి. 1867 నుంచి జర్మన్ రాజ్యమైన ప్రష్యా కింద రెండు జిల్లాలుగా ఉన్న ఈ ప్రాంతం 1970 ఏప్రిల్ 26న మళ్లీ ఒక్కటైంది. కొత్త జిల్లాకు హైడె కేంద్రమైంది, రౌతే గుర్తుగా నిలిచాడు.

హైడెకు దక్షిణాన, హెమ్మింగ్‌స్టెడ్ యుద్ధం జరిగిన చోట, 1900లో నాలుగు వందల ఏళ్ల గుర్తుగా ఒక పెద్ద రాతిని నిలబెట్టారు. దాని మీద చెక్కింది ఆ రోజు రైతులు వేశారని చెప్పుకునే కేక, వాళ్ల యాసలోనే: "కాచుకో గార్డ్, రైతు వస్తున్నాడు!"