తూము, వంక, చివరి కయ్య: బరువు తగ్గించే ఆపరేషన్లలో ఏది ఎవరికి?

పోయిన నెల చిత్తూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఇరవై ఏళ్ళ కిందట నా దగ్గర జువాలజీ చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు తనూ టీచరే. "సార్, మా అక్క కూతురికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. షుగర్ వచ్చి మూడేళ్ళయింది. తిరుపతిలో ఒక డాక్టరు స్లీవ్ చేద్దామన్నారు, చెన్నైలో చూపిస్తే బైపాస్ మేలన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినమంటారు?" అని అడిగింది.

నేను సర్జన్‌ని కాదు, ఏ ఆపరేషన్ చేయించుకోవాలో చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఆ రెండు ఆపరేషన్లు ఒంట్లో ఏం చేస్తాయో చెప్పగలను, అది తెలిస్తే డాక్టర్ని ఏం అడగాలో తెలుస్తుంది. పైగా నలభై ఏళ్ళుగా నన్ను పట్టుకుని వదలని విషయం ఇందులోనే ఉంది: పేగు ఒట్టి గొట్టం కాదు, అది మెదడుతో మాట్లాడుతుంది.

ఊబకాయం ఎందుకొస్తుంది, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) ఎలా కట్టాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. ఈ అమ్మాయి బీఎంఐ దాదాపు 45. ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల అమెరికా సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు, మన ఆసియా వాళ్ళకైతే 27.5 నుంచే. ఇంకొక్క మాట, ఈ ఆపరేషన్లలో కొవ్వు కోసి తీయరు. కొవ్వు పీల్చి తీసేది లైపోసక్షన్, దానికీ దీనికీ సంబంధం లేదు.

మాది చెరువు కింద ఊరు. చిత్తూరు వైపు పుట్టినవాళ్ళకు చెరువు ఎలా నడుస్తుందో చెప్పనక్కర లేదు. కట్ట, కట్టకు తూము, తూము కింద కాలువ, కాలువ వెంబడి కయ్యలు (మళ్ళు), ఎప్పుడు ఎంత నీళ్ళు వదలాలో చూసుకునే నీరుగంటి. మన జీర్ణవ్యవస్థ అచ్చం ఇలాగే ఉంటుంది. కడుపు చెరువు, లీటరు నుంచి లీటరున్నర దాకా పడుతుంది. దాని కింది చివర పైలోరస్ అనే కండరం తూము, నలిగిన ఆహారాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆ కింద సుమారు ఆరు మీటర్ల చిన్న పేగు కాలువ. తూము దాటిన కాసేపటికే పక్కనుంచి ఒక వంక వచ్చి కాలువలో కలుస్తుంది, అది లివరు నుంచి వచ్చే పసరు, క్లోమం నుంచి వచ్చే జీర్ణరసం. ఐరన్, కాల్షియం ఎక్కువగా ఎగువ కయ్యల్లోనే ఇంకుతాయి. నీరుగంటి మెదడులో ఉంటాడు, హైపోథాలమస్ అంటారు.

అసలు కథ చివరి కయ్యలది. ఏ ఊళ్ళో అయినా చివరి కయ్యకు నీళ్ళు అందడం కష్టం, పైవాళ్ళే తాగేస్తారు. పేగులోనూ అంతే, తిన్న తిండిలో ఎక్కువ భాగం పైనే ఇంకిపోతుంది. కానీ చివరి భాగంలో ఎల్ కణాలని ఉంటాయి. వాటిదాకా తిండి చేరిందంటే పైన పొంగిపోతోందని అర్థం, అప్పుడు అవి గట్టిగా కేక వేస్తాయి: "చాలు, తూము మూయండి!" ఆ కేకలే జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు. కడుపు కదలిక నెమ్మదిస్తుంది, క్లోమం ఇన్సులిన్ వదులుతుంది, ఆకలి తగ్గుతుంది. రక్తంలో పడిన జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లోనే సగం కరిగిపోతుంది కాబట్టి కేక మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉండాలి.

చెరువు పై మూలన ఇంకో మనిషి ఉన్నాడు. కడుపులో ఎడమవైపు ఉబ్బెత్తుగా ఉండే పైభాగాన్ని ఫండస్ అంటారు. కడుపు ఖాళీ అయినప్పుడు అక్కడినుంచి "ఏమైనా పంపండి" అని కేక లేస్తుంది. ఆ హార్మోన్ పేరు గ్రెలిన్, 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా కనుక్కున్నారు. అంతవరకూ మా పాఠాల్లో కడుపంటే ఒక సంచి, ఆమ్లం ఊరే సంచి, అంతే. ఇప్పటికీ చాలా తరగతుల్లో సంచి బొమ్మ గీసి భాగాల పేర్లు రాయించి వదిలేస్తున్నారు. ఆ సంచి మాట్లాడుతుందని చెబితే పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు, నేను చూశాను.

2002లో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. తిండి తగ్గించి బరువు తగ్గినవాళ్ళలో గ్రెలిన్ పెరుగుతుంది. అంటే పది కిలోలు తగ్గిన మనిషికి ఆకలి ముందుకన్నా ఎక్కువవుతుంది, ఒళ్ళు పాత బరువు కోసం లాగుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్ళలో మాత్రం బరువు బాగా తగ్గినా గ్రెలిన్ పెరగలేదు. "నోరు కట్టుకోలేక కోయించుకుంటోంది" అని ఆ అమ్మాయిని చుట్టాలు అన్నారట. ఆ మాట తప్పు, క్రూరం కూడా.

ఇక స్లీవ్. కడుపులోకి 12, 13 మిల్లీమీటర్ల లావున్న గొట్టం దించి, దాని పక్కనే స్టేపుల్ చేస్తూ కోసుకుపోతారు. కడుపులో మూడొంతుల పైన తీసేస్తారు, అరటికాయలాంటి సన్నని గొట్టం మిగులుతుంది. ఫండస్ పోతుంది కాబట్టి గ్రెలిన్ కేక బాగా తగ్గుతుంది. తిండి వేగంగా కిందికి జారడం వల్ల చివరి కయ్యల కేక కూడా కొంత పెరుగుతుంది. తూము, కాలువ, వంక అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. పేగును ముట్టుకోరు, అందుకే పని తొందరగా అవుతుంది, ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా చేసేది ఇదే. కానీ తీసిన కడుపు మళ్ళీ రాదు.

దీని చిక్కు ఒత్తిడి. పెద్ద చెరువులోకి వాన నీళ్ళు వస్తే మట్టం నాలుగు వేళ్ళు లేస్తుంది, అవే నీళ్ళు సన్నటి బావిలో పోస్తే ఒరదాకా వస్తాయి. మామూలు కడుపుకు ఇంకో అద్భుతమైన గుణం కూడా ఉంది: ముద్ద గొంతు దిగుతుండగానే వేగస్ నరం ద్వారా కబురందుకుని ఫండస్ సడలుతుంది, అందుకే లీటరు పట్టినా లోపల ఒత్తిడి పెద్దగా పెరగదు. స్లీవ్‌లో సరిగ్గా ఆ సాగే భాగమే పోతుంది, మిగిలేది బిగువైన గొట్టం. కింద తూము మూసి ఉంది, పక్కలకు సాగే వీలు లేదు, ఒత్తిడి ఎటు పోవాలి? పైకే. అన్నవాహిక దగ్గరున్న కవాటం వదులుగా ఉంటే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. వందమందిలో ఒకరికో ఇద్దరికో స్టేపుల్ గీత లీక్ అవుతుంది, అది కూడా ఎక్కువగా పై కొనలోనే, దానికీ ఈ ఒత్తిడి ఒక కారణం. ఫిన్లాండ్‌లో 240 మందిని స్లీవ్, బైపాస్ అని రెండు గుంపులు చేసి పదేళ్ళు వెంబడించారు. ఎండోస్కోపీలో అన్నవాహిక పుండుపడినట్టు కనిపించింది స్లీవ్ వాళ్ళలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్ళలో 7 శాతం మందికి. ఉండాల్సిన దానికన్నా ఎక్కువున్న బరువులో తగ్గింది స్లీవ్‌తో 43.5 శాతం, బైపాస్‌తో 51.9 శాతం. బరువు లెక్కలో తేడా కొంచెమే, మంట లెక్కలో చాలా.

బైపాస్‌లో చెరువు పైమూలన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న మడుగు కట్టి, మిగతా కడుపును దాన్నుంచి వేరు చేస్తారు. ఆ పాత చెరువు ఒంట్లోనే ఉంటుంది, తిండి మాత్రం రాదు. తర్వాత కాలువను కొంత దూరంలో కోసి కింది ముక్కను పైకి తెచ్చి మడుగుకు అతుకుతారు. వంక నీళ్ళు మోసే పై ముక్కను, మడుగు నుంచి మీటరు, మీటరున్నర కిందికి తీసుకెళ్ళి కలుపుతారు. ఇంగ్లిషు వై అక్షరంలా ఉంటుంది, ఇలా అతికే పద్ధతి స్విట్జర్లాండ్ సర్జన్ సెజార్ రూ పేరు మీద ఉంది. బరువు కోసం బైపాస్ మొదలుపెట్టింది 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్. ఇప్పుడు దారి చూడండి: తూము లేదు, ఎగువ కయ్యలు లేవు, తిండి నేరుగా దిగువకు దూకుతుంది. చివరి కయ్యల వాళ్ళు ప్రతి పూటా గట్టిగా కేక వేస్తారు. షుగర్ ఉన్నవాళ్ళలో బరువు ఇంకా తగ్గకముందే, కొన్ని రోజుల్లోనే గ్లూకోజ్ దిగడానికి ఒక కారణం ఇదే. ఆ రోజుల్లో తిండి బాగా తక్కువ కావడం ఇంకో కారణం. 1995లో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ ఈ సంగతి రాసినప్పుడు, షుగర్‌కు ఆపరేషన్ ఇంత మంచి మందవుతుందని ఎవరనుకున్నారు అని వ్యాసానికి పేరే అలా పెట్టాడు. మడుగులో ఆమ్లం ఊరేది తక్కువ, పసరు కలిసేది ఎక్కడో కింద, కాబట్టి ఛాతీ మంట చాలామందికి తగ్గిపోతుంది.

దీనికి ఖర్చుంది. ఎగువ కయ్యలు ఎండుతాయి: ఐరన్, కాల్షియం సరిగా ఇంకవు, పాత కడుపులో ఊరే ఒక ప్రొటీన్ తిండితో సరైన చోట కలవదు కాబట్టి బీ12 కూడా ఇంకదు. మన ఊళ్ళలో శాకాహారులకు బీ12 అసలే తక్కువ, ఆడవాళ్ళకు రక్తం అసలే తక్కువ. రాగి సంగటిలో కాల్షియం బాగానే ఉంది, కానీ ఇంకే చోటే పక్కకు పోయాక సంగటి ఒక్కటీ చాలదు, మాత్రలు బతికినంత కాలం వేసుకోవాలి. స్లీవ్ వాళ్ళూ విటమిన్లు మానకూడదు, బైపాస్ వాళ్ళకు మాత్రం అసలు తప్పదు. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేసుకునే అలవాటు మానాలి, మడుగు అతుకు దగ్గర పుండు పడుతుంది. పొగతాగడమూ అంతే ప్రమాదం.

మినీ బైపాస్ అని ఇంకోటి వింటారు, రాబర్ట్ రట్లెడ్జ్ 1997లో మొదలుపెట్టాడు. రెండు అతుకులకు బదులు ఒక్కటే, పని త్వరగా అవుతుంది, షుగర్ మీద బాగా పనిచేస్తుంది. కానీ ఇందులో వంక మడుగు గుమ్మం ముందునుంచే పారుతుంది కాబట్టి కొందరికి పసరు పైకి ఎగదన్నుతుంది. డుయోడినల్ స్విచ్ అనే ఇంకో ఆపరేషన్‌తో బరువు అన్నిటికన్నా ఎక్కువ తగ్గుతుంది, ప్రొటీన్, విటమిన్ల లోటు కూడా అన్నిటికన్నా ఎక్కువ. కడుపుకు పట్టీ బిగించే పద్ధతి దాదాపు పోయింది. కడుపులో పెట్టే బెలూన్ అసలు ఆపరేషనే కాదు, దాన్ని సాధారణంగా ఆరు నెలలకు తీసేస్తారు.

వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు వచ్చాక ఆపరేషన్ ఎందుకని కూడా ఆమె అడిగింది. సెమాగ్లుటైడ్ అంటే ఆ చివరి కయ్యల కేకనే, త్వరగా కరిగిపోకుండా మార్చి సూదితో ఇవ్వడం. బరువులో సగటున 15 శాతం దాకా తగ్గుతుంది, ఆపితే చాలావరకు తిరిగొస్తుంది. ఆపరేషన్‌తో 25, 30 శాతం. కొందరికి సూదే సరిపోవచ్చు.

మొలకు తాయెత్తు కడితే పొట్ట కరుగుతుందని ఆ ఇంట్లో ఎవరో కట్టారట. అది కట్టుకుని కూర్చుంటే షుగర్ ఆగదు, ఈలోపు కళ్ళకూ కిడ్నీలకూ జరిగే నష్టం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఇంకో భయం, ఆపరేషన్ తర్వాత జుట్టు ఊడటం. మూడో నెల నుంచి ఆరో నెల దాకా చాలామందికి ఊడుతుంది, దిష్టి కాదు. ఒళ్ళు ఉన్నట్టుండి ఇంత మారినప్పుడు వెంట్రుకల మొదళ్ళు ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి. ప్రొటీన్, ఐరన్ అందుతుంటే మళ్ళీ వస్తుంది. పెళ్ళి సంబంధం ఏదైనా అనుకుంటుంటే చెప్పండి, ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారని కూడా చెప్పాను.

ఇదంతా చెప్పాక నేను అడిగింది ఒక్కటే: "అమ్మాయి రాత్రి ఎలా పడుకుంటుంది?" కాసేపు మాట లేదు. "రెండు దిండ్లు పెట్టుకుంటుంది సార్, లేకపోతే పుల్లటి నీళ్ళు గొంతులోకి వస్తాయంట. గ్యాస్ అనుకుని సోడా తాగుతుంది." ఆ సంగతి ఇద్దరు డాక్టర్లలో ఎవరికీ చెప్పలేదు, బరువుకూ దానికీ ఏం సంబంధమని. వెంటనే చెప్పమన్నాను, ఎండోస్కోపీ అడగమన్నాను.

పది రోజులకు మళ్ళీ ఫోన్. ఎండోస్కోపీలో అన్నవాహిక ఎర్రగా పుండుపడి ఉంది, కడుపు పైకొన కొంచెం ఛాతీలోకి జారి హయాటల్ హెర్నియా కూడా కనిపించింది. స్లీవ్ అన్న డాక్టరే రిపోర్టు చూసి, ఇలాగైతే బైపాస్ చేద్దామన్నారు. అమ్మాయి ఒప్పుకుంది. ఇక వాళ్ళ అమ్మమ్మ అడగమన్న ప్రశ్న ఒకటి మిగిలింది: బరువు తగ్గాక అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని అమ్మాయి మొక్కుకుంది, మరి దర్శనమయ్యాక లడ్డూ తినొచ్చా?

తూము లేని కాలువలోకి చక్కెర ఒక్కసారిగా పడితే ఒంట్లోని నీళ్ళు పేగులోకి లాక్కుంటుంది, అరగంటలోపే కడుపునొప్పి, చెమటలు, గుండెదడ వస్తాయి. కొందరికి రెండు గంటల తర్వాత గ్లూకోజ్ బాగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. కాబట్టి ఖాళీ కడుపుతో లడ్డూ వద్దు. ముందు పప్పో పెరుగో తిని, తర్వాత చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది అమ్మమ్మకు ఇవ్వమన్నాను.