సీబీ పాయింటుకు సెలవు

లారీ అనగానే మనకు గుర్తొచ్చేది డీజిలు. డీజిల్ ఇంజిన్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఆయిల్ అంటుకుంటుంది. నిప్పురవ్వతో దానికి పనిలేదు. అందుకే హైవే పక్క షెడ్లలో లారీ మెకానిక్కుకు, పెట్రోలు ఇంజిన్‌లో రవ్వని వంతులవారీగా ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటర్‌తో పేచీ పడే అవసరం రాలేదు. ఆ విద్యంతా అంబాసిడర్లు, పెట్రోలు జీపులు చూసేవాళ్ల దగ్గరే ఉండేది. స్కూటర్లలో కూడా సీబీ పాయింటు (కాంటాక్ట్ బ్రేకర్, అంటే కరెంటుని తెంచి రవ్వ పుట్టించే చిన్న స్విచ్చు) ఉండేది కాబట్టి "పాయింటు కాలింది", "గ్యాప్ తగ్గింది" లాంటి మాటలు నలభై దాటినవాళ్లకి కొత్తేమీ కావు.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ ట్రక్కంటే చాలామందికి ఇంటిముందు నిలబెట్టుకునే పికప్పు. అది తాగేది పెట్రోలు. ఒహాయోలో నా దగ్గర అలాంటిదొకటి ఉంది: 1966 షెవర్లే సీ-10. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిను, 283 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 4.6 లీటర్లు. రెండేళ్లపాటు పాయింట్లతోనే నడిపి, పోయిన ఎండాకాలం తీసేసి ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ వేశాను. ఆ పని చేస్తున్నప్పుడే, ఎప్పుడో చదివి పరీక్ష రాసి మర్చిపోయిన భౌతికశాస్త్రం మొదటిసారి చేతికి తగిలింది.

ఈ ఇంజిన్‌కు డిస్ట్రిబ్యూటర్ బాగా వెనక, క్యాబిన్ గోడకు ఆనుకున్నట్టుగా ఉంటుంది. బంపర్ మీద మోకాలు పెట్టి వంగితేగానీ అందదు. నల్లటి క్యాపుకి రెండు కొక్కేలు. స్క్రూడ్రైవర్‌తో నొక్కి తిప్పితే ఊడొస్తుంది. లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకి రవ్వని అందించే రోటర్, దాని కింద అసలు సంగతి: చిటికెనవేలి గోరంత టంగ్‌స్టన్ బిళ్లలు రెండు, ఎదురెదురుగా. మధ్యలో తిరిగే ఇరుసుకి ఎనిమిది మూలల క్యామ్ ఉంటుంది. ఒక్కో మూల వచ్చినప్పుడల్లా ఫైబర్ పాదం ఒకటి పైకి లేచి బిళ్లల్ని విడదీస్తుంది. మూల దాటగానే స్ప్రింగు మళ్లీ వాటిని కలుపుతుంది. విడిపోయినప్పుడు మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. నేను తీసిన పాయింట్లలో ఒక బిళ్ల మీద సన్నటి గుంట, రెండోదాని మీద అంతే ఎత్తున చిన్న గుట్ట కనిపించాయి. ఇక్కడి లోహం కరిగి అక్కడికి చేరిందన్నమాట. ఇలాంటి దానికి మా ఊరి జీపు మెకానిక్ ఆకురాయి పెట్టి నాలుగుసార్లు గీకి, "ఇంకో నెల తోలుకో అబ్బాయ్, తర్వాత కొత్తది వేద్దాం" అనేవాడు.

ఈ రెండు బిళ్లలు కలిసి ఉన్నప్పుడు రవ్వ రాదు. విడిపోయినప్పుడు వస్తుంది. చిన్నప్పుడు నేను దీన్ని తలకిందులుగా అనుకునేవాణ్ని. పొలంలో పొడుగాటి పైపులో నీళ్లు జోరుగా పోతుండగా చివర వాల్వు ఠక్కున మూస్తే ఏమవుతుంది? పైపు దబ్బుమని అదురుతుంది. కదిలే నీళ్లు ఒక్కసారిగా ఆగవు కాబట్టి ఆ జోరంతా ఒత్తిడిగా మారుతుంది. ఇగ్నిషన్ కాయిల్ చేసే పనీ అదే. ఇనుప కడ్డీ చుట్టూ లావు తీగ కొన్ని వందల చుట్లు, సన్న తీగ దానికి సుమారు వంద రెట్లు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ లావు తీగలో కరెంటు పారి, చుట్టూ అయస్కాంత క్షేత్రం నిండుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ క్షేత్రం కూలిపోతుంది. 1831లో ఫారడే చూపించినట్టు, మారే క్షేత్రం తీగలో వోల్టేజీ పుట్టిస్తుంది. ఎంత వేగంగా కూలితే అంత ఎక్కువ. బ్యాటరీ ఇచ్చిన 12 వోల్టులు లావు తీగలో రెండు మూడు వందలకు ఎగబాకుతాయి. సన్న తీగలో ఇరవై వేలు దాటుతాయి. ప్లగ్గు కొనల మధ్య ఉన్న గాలి ఆ దెబ్బకి దారిచ్చి, రవ్వ దూకుతుంది.

వాల్వు సగం మూసి కారుతూ ఉంటే మాత్రం పైపు అదరదు. పాయింట్లు విడిపోతున్నప్పుడు వాటి మధ్యే చిన్న మెరుపు లేచిందంటే కరెంటు ఆ దారిన కారిపోతుంది, క్షేత్రం మెల్లగా కూలుతుంది, ప్లగ్గు దగ్గర రవ్వ చప్పబడుతుంది. దానికి విరుగుడు పక్కనున్న వేలెడంత డబ్బా, కండెన్సర్. పాయింట్లు కాస్త దూరం జరిగేదాకా ఆ ఉరవడిని అది తనలోకి తీసుకుంటుంది. విలువ సుమారు 0.2 మైక్రోఫారడ్లు. ఇండక్షన్ కాయిల్‌కు కండెన్సర్ జోడిస్తే రవ్వ బలపడుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో 1853లోనే కనిపెట్టాడు. అప్పటికింకా కారనేది లేదు.

దీన్నంతా కారుకి అతికించినవాడు చార్లెస్ కెటరింగ్. మా డేటన్ నగరంలోనే, ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనక కొట్టంలో కూర్చుని తయారుచేశాడు. అది 1910 క్యాడిలాక్ మోడల్లోకి ఎక్కింది. రెండేళ్లకు అదే కంపెనీ కారులోకి ఆయన సెల్ఫ్ స్టార్టర్ కూడా వచ్చింది. నగరాన్ని ఆనుకుని ఉన్న ఊరికి ఇప్పుడు ఆయన పేరే. ఆ కొట్టంలో పుట్టిన సూత్రం పెద్ద మార్పు లేకుండా నా 1966 ట్రక్కు దాకా వచ్చిందంటే, తక్కువ వస్తువులతో బాగా కుదిరిన పని కాబట్టే. పాయింట్లను తిట్టేవాళ్లు ఇది మర్చిపోతారు.

మరి తీసేయడం దేనికి? రవ్వ బలం కోసమే అని చాలామంది చెబుతారు. అది సగం నిజం. లెక్క చూద్దాం. ఎనిమిది సిలిండర్ల ఇంజిను రెండు చుట్లకు ఎనిమిది రవ్వలు అడుగుతుంది. నిమిషానికి 4000 చుట్ల దగ్గర సెకనుకి 267 రవ్వలు, అంటే ఒక రవ్వకూ ఇంకో రవ్వకూ మధ్య 3.75 మిల్లీసెకన్లు. అందులో పాయింట్లు కలిసి ఉండేది మూడింట రెండు వంతులు, 2.5 మిల్లీసెకన్లు. కాయిల్ పూర్తిగా నిండడానికి అది చాలదు. అందుకే వేగం పెరిగేకొద్దీ రవ్వ పలచబడుతుంది. ఇంకా వేగంగా తిప్పితే స్ప్రింగు క్యామ్‌ని అందుకోలేక పాయింట్లు ఎగిరెగిరి పడతాయి. కానీ పాత పికప్పుని అంత పరిగెత్తించేవాడెవడు? నా బండి బతుకంతా రెండు, రెండున్నర వేల చుట్ల మధ్యే గడిచిపోతుంది. అక్కడ కెటరింగ్ రవ్వకు ఏ లోటూ లేదు.

అసలు జబ్బు వేరు. ఈ బిళ్లలకి మనం రెండు ఉద్యోగాలు ఇచ్చాం. పిస్టన్ ఎక్కడుందో కనిపెట్టి, రవ్వ ఎప్పుడు పడాలో చెప్పడం ఒకటి. నాలుగు ఆంపియర్ల కరెంటుని తెంచడం రెండోది. చూసే కన్నూ, కొట్టే చెయ్యీ ఒకటే అయిపోయాయి. కొట్టినప్పుడల్లా కన్ను కొంచెం దెబ్బతింటుంది. నిమిషానికి 3000 చుట్లతో గంట తోలితే పాయింట్లు 7,20,000 సార్లు తెరుచుకుంటాయి. బిళ్లలు కాలుతుంటాయి. క్యామ్‌కి రాసుకునే ఫైబర్ పాదం అరుగుతూ సందు తగ్గిపోతుంటుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, రవ్వ ఆలస్యంగా పడుతుంది. ఒకరోజులో తెలియదు. నెలలు గడిచేసరికి బండి బరువెక్కినట్టుంటుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మనం కార్బురేటర్‌ని అనుమానిస్తాం.

ఈ మెల్లటి జారుడే చివరికి పాయింట్ల ఉద్యోగం ఊడగొట్టింది. 1970 చివర్లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. కొత్త కారు షోరూమ్‌లో ఉన్నప్పుడే కాదు, ఐదేళ్లు లేదా 50,000 మైళ్ల దాకా పొగ హద్దులో ఉండాలంది. పది పన్నెండు వేల మైళ్లకోసారి మార్చాల్సిన పాయింట్లతో అది కుదిరే పని కాదు. పైగా 1975లో వచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్లకి మండని పెట్రోలు తగిలితే పాడైపోతాయి. 1973 మోడళ్లకల్లా క్రైస్లర్, 1975కల్లా జనరల్ మోటార్స్ తమ కార్లన్నింటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేశాయి. ట్రాన్సిస్టర్ పుట్టింది 1947లో. ఇంజిను పక్కన ఉండే వేడికి తట్టుకునేలా, చవకగా తయారయ్యేసరికి ఇంతకాలం పట్టింది.

నేను వేసింది జనరల్ మోటార్స్ వాళ్ల హెచ్‌ఈఐ (హై ఎనర్జీ ఇగ్నిషన్) రకం. కాయిల్ కూడా క్యాపు నెత్తినే కూర్చుంటుంది కాబట్టి గుమ్మడికాయలా ఉంటుంది. లోపల పాయింట్లుండవు. ఎనిమిది పళ్ల ఇనుప చక్రం తిరుగుతుంటుంది. దాని చుట్టూ అయస్కాంతం, సన్న తీగ చుట్ట. పళ్లు ఎదురుగా వచ్చి దాటిపోయేటప్పుడు ఆ చుట్టలో పుట్టే చిన్న వోల్టేజీ ఒకవైపు నుంచి రెండోవైపుకి తిరగబడుతుంది. ఆ తిరుగుడే సంకేతం. ఏదీ దేన్నీ తాకదు కాబట్టి అరుగుదల లేదు. ఇది కన్ను. చెయ్యి వేరే ఉంది: అగ్గిపెట్టెకంటే చిన్న మాడ్యూలు, అందులో ట్రాన్సిస్టర్. కాయిల్ కరెంటుని తెంచేది అదే. ఇంకో తెలివి కూడా ఉంది దానికి. రెండు రవ్వల మధ్య ఉన్న వ్యవధిలో, నిదానంగా ఉన్నప్పుడు తక్కువ భాగం, వేగంలో ఎక్కువ భాగం కాయిల్‌ని నింపుతుంది. కరెంటు సుమారు 5.5 ఆంపియర్లు దాటకుండా తనే పట్టి ఉంచుతుంది. అందుకే ప్లగ్గు గ్యాపుని 0.9 మిల్లీమీటర్ల నుంచి 1.1కి పెంచినా రవ్వ తేలిగ్గా దూకుతుంది.

బిగించేటప్పుడు నేను రెండుసార్లు బోర్లాపడ్డాను. మొదటిది నవ్వొచ్చే తప్పు. నంబర్ వన్ పిస్టన్ పైకి రావడం రెండు చుట్లలో రెండుసార్లు జరుగుతుంది. ఒకటి గాలి నొక్కేటప్పుడు, ఇంకొకటి పొగ వదిలేటప్పుడు. ప్లగ్గు తీసి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. నేను పెట్టలేదు. తాళం తిప్పగానే కార్బురేటర్‌లోంచి భగ్గుమని మంట. డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా అర చుట్టు తేడాగా కూర్చుంది! తీసి మళ్లీ దింపబోతే, డిస్ట్రిబ్యూటర్ పావు అంగుళం పైనే ఆగిపోయింది. దీని ఇరుసు అడుగుకొసే ఆయిల్ పంపుని కూడా తిప్పుతుంది. కింద ఉన్న గాడి కలిసేదాకా దిగదు. అలాగని బోల్టు బిగించి లాగితే ఏదో ఒకటి విరుగుతుంది. ఇంజినుని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ ఉంటే, దానంతటదే టక్కున జారి కూర్చుంది.

రెండో తప్పు నాలుగు రోజులు సతాయించింది. బండి చక్కగా స్టార్టయింది, ఐడిల్ గడియారంలా ఉంది. హైవే ఎక్కి యాక్సిలరేటర్ తొక్కేసరికి టప్ టప్‌మని మిస్సింగ్. కొత్త మాడ్యూలే పాడైందనుకుని ఇంకోటి కొన్నాను. మార్పేమీ లేదు. చివరికి ఇంజిను నడుస్తుండగా డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వైరు దగ్గర మల్టీమీటరు పెడితే తొమ్మిది వోల్టులు కూడా చూపించలేదు.

తప్పు వైరుది కాదు. దాని పని అదే. పాయింట్లకి ఎప్పుడూ 12 వోల్టులు ఇస్తే కాలిపోతాయని, కాయిల్‌కు వెళ్లే దారిలో కావాలనే అడ్డు పెట్టేవారు. కొన్ని బళ్లలో అది తెల్లటి పింగాణీ దిమ్మెలా పైకి కనిపిస్తుంది. నా బండిలో గుడ్డతొడుగు ఉన్న మామూలు తీగలా ఉండి, నిరోధమంతా తీగలోనే దాక్కుంది. స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ ఎలాగూ నీరసపడుతుంది కాబట్టి, ఆ కాసేపూ ఈ అడ్డుని దాటించే బైపాస్ వైరు ఇంకొకటి. ఎంత ముచ్చటైన ఏర్పాటో! కానీ హెచ్‌ఈఐకి పూర్తి 12 వోల్టులు కావాలి. కరెంటుకి హద్దు పెట్టుకోవడం దానికే వచ్చు. మనం పెట్టక్కర్లేదు. ఫ్యూజు బాక్సులో తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటొచ్చే చోటు నుంచి లావు వైరు కొత్తగా లాగాను. మిస్సింగ్ అక్కడితో సరి. ఈ మార్పిడి చేయించుకుని "ఎలక్ట్రానిక్ పనికిరాదు" అని తిట్టుకునేవాళ్లలో చాలామంది బళ్లకి ఆ పాత వైరే ఉంటుందని నా అనుమానం.

లాభమేంటని అడిగితే నిజం చెబుతాను. పవరేమీ పెరగలేదు. "బండి రెక్కలొచ్చినట్టు పోతోంది" అనేవాళ్ల పాత డిస్ట్రిబ్యూటర్ తీసి చూస్తే, వేగాన్నిబట్టి రవ్వని ముందుకు జరిపే గుండ్లు తుప్పుపట్టి కదలకుండా ఉండివుంటాయి. ఆ గుండ్లూ స్ప్రింగులూ కొత్తదాన్లో కూడా ఉన్నాయి. ఎలక్ట్రానిక్ అన్నంత మాత్రాన అవి పోవు. నాకు దక్కిందల్లా చలికాలం పొద్దున ఒక్క తిప్పుకే స్టార్టవడం, టైమింగ్ పెట్టినచోటే ఉండటం. ఆరు నెలల తర్వాత, రవ్వ పడినప్పుడల్లా మెరిసి అది ఏ గీత దగ్గర పడుతోందో చూపే టైమింగ్ లైటు పెట్టి చూశాను. గీత ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది.

బయటికి పాతదిలాగే కనబడాలనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. పాత డిస్ట్రిబ్యూటర్‌లోనే పాయింట్లు తీసేసి, క్యామ్ మీద అయస్కాంతాల ఉంగరం తొడిగి, పక్కన అయస్కాంతం దగ్గరకొస్తే పసిగట్టే హాల్ సెన్సర్ బిగిస్తారు. 1879లో ఎడ్విన్ హాల్ బంగారు రేకులో కరెంటు పంపి, అయస్కాంతం దగ్గర పెట్టి చూసిన వింతే అందులో పనిచేసేది. క్యాపు మూస్తే బయటికి రెండు వైర్లు తప్ప ఏమీ తెలియదు.

మాడ్యూలుకో గుణముంది. పాయింట్లు పోయేముందు నెలల తరబడి సణుగుతాయి. దారిలో ఆగినా గీకి, అట్టముక్కతో సందు పెట్టి ఇల్లు చేరొచ్చు. మాడ్యూలు అలా కాదు, చెప్పాపెట్టకుండా పోతుంది. ఒక్కోసారి వేడికి ఆగి, చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ పనిచేస్తుంది. దాని అడుగున తెల్లటి గ్రీజు పూయడం మర్చిపోతే ఆ రోజు ఇంకా త్వరగా వస్తుంది. వేడి డిస్ట్రిబ్యూటర్ లోహంలోకి దిగేది ఆ గ్రీజు ద్వారానే.

అందుకే గుడ్డతొడుగు వైరుని కత్తిరించలేదు. కొసకి టేపు చుట్టి క్యాబిన్ గోడ వెంట కట్టేశాను. పాత డిస్ట్రిబ్యూటర్, కాయిల్, ఆకురాయి గోనెసంచిలో చుట్టి సీటు కింద పెట్టాను. సీటు వెనక చోటు లేదు. ఈ బండికి పెట్రోలు ట్యాంకు ఉండేది అక్కడే.