5 డాలర్ల పరిమితి ఎందుకు నిలవలేదు? ఓవర్‌డ్రాఫ్ట్ గొడవకు మూలం 1969లో

అమెరికాలో పెద్ద బ్యాంకులు వేసే ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజును 5 డాలర్లకు దించే నిబంధన 2025 అక్టోబర్ 1 నుంచి అమలు కావాల్సింది. కాలేదు. సెనేట్ 52-48 ఓట్లతో, ప్రతినిధుల సభ 217-211 ఓట్లతో దాన్ని కొట్టేశాయి. మే 9న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేశారు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లల ఖాతాల్లో ముప్పై, ముప్పై అయిదు డాలర్లు కట్ అయిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ఇన్నేళ్లుగా ఇన్ని కేసులు నడిచాయి కదా, ఇంకా ఎలా తీసుకుంటున్నారు?

హైదరాబాద్‌లో అయితే ఖాతాలో డబ్బు లేకుండా డెబిట్ కార్డు గీకితే లావాదేవీ ఫెయిల్ అవుతుంది, కథ అక్కడితో సరి. అమెరికాలో చాలా బ్యాంకులు తగ్గిన మొత్తాన్ని తామే కట్టి, అందుకు ఫీజు వసూలు చేస్తాయి. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే ఇదే. నాలుగు రోజుల్లో జీతం పడగానే అసలు, ఫీజు రెండూ పట్టుకుంటాయి. మామూలు మనిషి దీన్ని అప్పు అంటాడు. చట్టం అనదు.

అప్పు ఇచ్చేవారు వడ్డీ ఎంతో ముందే చెప్పాలని 1968లో అమెరికా చట్టం చేసింది. దాని అమలుకు ఫెడరల్ రిజర్వ్ 1969లో నియమాలు రాసినప్పుడు ఓవర్‌డ్రాఫ్ట్‌కు మినహాయింపు ఇచ్చింది. అప్పటికి ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు. జనం పోస్టులో చెక్కులు పంపుకునే రోజులవి. ఎప్పుడో ఒకసారి పది డాలర్లు తక్కువపడితే, బ్యాంకు ఆ ఖాతాదారును చూసి, చెక్కు బౌన్స్ చేయకుండా పాస్ చేసేది. అలాంటి చిన్న సాయానికి కూడా వడ్డీ లెక్కలు, కాగితాలు ఎందుకని వదిలేశారు.

తర్వాత డెబిట్ కార్డులు వచ్చాయి. బ్యాంకు ఉద్యోగి ఆలోచించి చేసే పని సాఫ్ట్‌వేర్ చేతికి పోయింది. మొహమాటానికి చేసిన సాయం వేల కోట్ల డాలర్ల ఆదాయంగా మారింది. మినహాయింపు మాత్రం అలాగే ఉండిపోయింది. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ 2014లో లెక్క చూపించింది: డెబిట్ కార్డు మీద పడిన ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజుల్లో సగానికి పైగా 24 డాలర్లు, అంతకన్నా చిన్న ఖర్చుల మీదే. 24 డాలర్లు మూడు రోజులకు తీసుకుని 34 డాలర్ల ఫీజు కడితే, ఏడాది వడ్డీగా అది 17,000 శాతం దాటుతుంది. ఆ అంకెను ఖాతాదారుకు చూపించాల్సిన బాధ్యత బ్యాంకుకు లేదు.

ఫీజును వడ్డీ లెక్కన నిలదీసే దారి అలా మూసుకుపోవడంతో పెద్ద దావాలు పక్కదారిన నడిచాయి. వాటిలో ముఖ్యమైనది వెల్స్ ఫార్గో కేసు. ఖాతాలో 100 డాలర్లు ఉన్నాయనుకోండి. పొద్దున 5, 8, 12 డాలర్లు ఖర్చుపెట్టి, సాయంత్రం 110 డాలర్ల బిల్లు కట్టారు. జరిగిన వరుసలో లెక్కేస్తే ఒక్క ఫీజు. పెద్దది ముందు తీసేస్తే నాలుగు ఫీజులు. బ్యాంకు రెండో పద్ధతి పట్టుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి విలియం ఆల్సప్ 2010 ఆగస్టులో కాలిఫోర్నియా ఖాతాదారులకు 20.3 కోట్ల డాలర్లు తిరిగివ్వమన్నారు. 2012లో అప్పీలు కోర్టు, ఏ వరుసలో తీయాలన్నది జాతీయ బ్యాంకుల ఇష్టమని తేల్చింది. ఖాతాదారులను తప్పుదారి పట్టించారన్న భాగం మాత్రం నిలిచింది, దాని మీదే ఆల్సప్ మళ్లీ అదే మొత్తం ఖరారు చేశారు. సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించి కేసు ముగిసేసరికి 2016. అంటే గెలిచినవాళ్లు కూడా ఫీజు అన్యాయమని గెలవలేదు, మాట దాచారని గెలిచారు. బ్యాంక్ ఆఫ్ అమెరికా 2011లో 41 కోట్ల డాలర్లకు రాజీపడినా, ఫీజు న్యాయమా కాదా అన్నది తేలలేదు. అదే ఏడాది సుప్రీంకోర్టు మరో కేసులో మధ్యవర్తిత్వ షరతులకు, అంటే గొడవను కోర్టులో కాక ప్రైవేటు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలనే షరతులకు, బలమిచ్చింది. ఖాతా తెరిచేటప్పుడు ఆ షరతు మీద సంతకం పెట్టినవాళ్లకు అందరితో కలిసి కోర్టుకెళ్లడం మరింత కష్టమైంది.

2024 డిసెంబర్‌లో సీఎఫ్‌పీబీ ఈ 5 డాలర్ల నిబంధనతో చేయబోయింది 1969 నాటి ఆ పాత మినహాయింపును సరిచేయడమే. వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఆస్తులున్న బ్యాంకులు 5 డాలర్లు తీసుకోవచ్చు, లేదా తమకయ్యే ఖర్చు మేరకు తీసుకోవచ్చు. అంతకుమించి కావాలంటే మిగతా అప్పుల్లాగే వడ్డీ రేటు చెప్పాలి. బ్యాంకుల సంఘాలు వెంటనే మిసిసిప్పీలో దావా వేశాయి. పరిమితి పెడితే ఈ సదుపాయమే ఆపేస్తామని, అప్పుడు పేదలు పేడే లోన్‌ల (జీతం వచ్చేదాకా భారీ వడ్డీకి ఇచ్చే చిన్న అప్పులు) పాలవుతారని వాటి వాదన. కానీ క్యాపిటల్ వన్ బ్యాంకు 2021లోనే ఈ ఫీజు ఎత్తేస్తున్నట్టు ప్రకటించి కూడా ఓవర్‌డ్రాఫ్ట్ ఇస్తామంది.

ఒకసారి ఇలా కాంగ్రెస్ ఓటుతో రద్దయిన నిబంధనలాంటిదే మళ్లీ తేవాలంటే కాంగ్రెస్ కొత్త చట్టం చేయాలి. బ్యాంక్ ఆఫ్ అమెరికా 2022లో 35 డాలర్ల నుంచి 10కి దించింది తనంతట తానే, రేపు పెంచితే ఆపే నిబంధన లేదు. ఏటీఎం, డెబిట్ కార్డుతో ఒక్కసారి చేసే కొనుగోళ్లకు ఖాతాదారు ముందుగా ఒప్పుకుంటేనే ఫీజు వేయాలన్న 2010 నియమం ఇంకా ఉంది. పిల్లలు ఖాతా సెట్టింగ్స్‌లో ఆ అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. చెక్కులకు, నెలనెలా ఆటోపేలో పోయే ఫోన్ బిల్లుకు మాత్రం అది వర్తించదు.